గొంగళ్ల ఉల్లెడ

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఏ పాఠం విలువైనా దాని నుంచి ఎంట్రన్స్‌లో ఎన్ని బిట్లు వస్తాయన్న దాన్ని బట్టే ఉంటుంది. గుండెకు విలువ ఎక్కువ, కప్పకు కాస్త తక్కువ. దెబ్బతిన్న డీఎన్‌ఏను కణం ఎలా బాగుచేసుకుంటుందన్న పాఠానికి మహా అయితే ఒక్క బిట్టు, ఒక్కో ఏడు అదీ లేదు. అందుకని నా తోటి లెక్చరర్లు దాన్ని గబగబా చదివేసి ముగించేవారు. జువాలజీ చెప్పే నేను మాత్రం దానికి రెండు క్లాసులు తీసుకునేదాన్ని. యాజమాన్యం గొణిగితే "జీతం కోసుకోండి" అనేదాన్ని. నాకు నోరెక్కువని సెంటరంతా తెలుసు కనుక ఎవరూ కోయలేదు.

రెండు క్లాసులూ ఎందుకు చెప్పకూడదు? ఎండ తగిలిన ప్రతిసారీ మన చర్మ కణాల్లోని డీఎన్‌ఏలో పక్కపక్కనున్న అక్షరాలు రెండేసి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. డీఎన్‌ఏ రెండు పోగుల తాడు, అక్కడ ఒక పోగు ఉబ్బుతుంది. వదిలేస్తే కణం ఆ చోటును తప్పుగా చదువుతుంది, తప్పులు పోగుపడితే ఏనాటికో కాన్సర్ అవుతుంది. కానీ కణం వదిలేయదు. కొన్ని ప్రోటీన్లు పోగు వెంట తడుముకుంటూ వెళ్లి ఆ ఉబ్బును పట్టుకుంటాయి. కొన్ని దానికి అటూ ఇటూ కోసి ఆ ముక్కను తీసి పారేస్తాయి. ఇంకొకటి ఎదుటి పోగును చూసుకుంటూ కొత్త ముక్కను నింపుతుంది, చివరిదొకటి అతుకు వేస్తుంది. మనం కొత్తపేటలో ఎండన నిలబడి మామిడిపళ్లు బేరమాడుతున్నంతసేపూ లోపల ఈ పని జరుగుతూనే ఉంటుంది. బేరం తెగకపోవచ్చు గానీ ఆ పని ఆగదు. ఇంత గొప్ప సంగతిని ఒక్క బిట్టు కింద తీసేస్తే నాకు ఒళ్లు మండేది.

నా ఒళ్లు మండటానికి సొంత కారణం కూడా ఉంది. మా అమ్మాయి ఒంట్లో ఆ కోసే పని జరగదు.

పసితనంలో కాసేపు ఎండన ఆడితే చాలు, దాని బుగ్గలు కమిలిపోయేవి. తర్వాత ముక్కు మీదా పెదవుల మీదా గోధుమ రంగు మచ్చలు లేచాయి. ఎలర్జీ అని ఒకరు, దిష్టి అని ఒకరు అన్నారు. చివరకు ఒక చర్మవైద్యురాలు చూసి జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అని తేల్చింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిపోయిన జన్యువులు రెండూ చేరితేనే వచ్చే జబ్బది. మాది మేనరికం, నా మొగుడు నా మేనత్త కొడుకే. జన్యుశాస్త్రం చదివినదానివి బావను ఎందుకు చేసుకున్నావని నన్ను దెప్పిన వాళ్లున్నారు. "మీరు సంబంధాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు గానీ నాకే బావ నచ్చాడు" అని వాళ్ల నోళ్లు మూయించాను. ఏడ్చుకుంటూ కూర్చుంటే ఎండ ఆగుతుందా?

దాంతో సరూర్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటి కిటికీలన్నిటికీ నల్ల ఫిలిం అంటించాం, మందపాటి తెరలు వేశాం. పాత కారొకటి కొని దాని అద్దాలకూ నల్లరంగే వేయించి, లోపల తెరలు కుట్టించాం. మా అమ్మాయి బయటికి వెళ్లాలంటే చేతులకు తొడుగులు, ముఖం ముందు పారదర్శకమైన రేకు కుట్టిన ముసుగు. అవి కారు నుంచి గుమ్మం దాకా నడవడానికే తప్ప నడి ఎండలో నిలబడటానికి కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అగ్గిపెట్టెంత మీటరు ఒకటి ఎప్పుడూ దాని చేతిలో ఉండేది. ఎండలో హాని చేసే కిరణాలు ఎంతున్నాయో అది చూపిస్తుంది. ఏ గదిలోకి వెళ్లినా మీటరు చూసుకుని గానీ కూర్చునేది కాదు. అలాగే బడి అయింది, కాలేజీ అయింది, డిగ్రీ కూడా అయింది. ప్రతి తరగతిలో కిటికీకి దూరంగా ఒక మూల దానిది.

పగలు బయటికి పోలేని పిల్ల కాబట్టి మధ్యాహ్నాలన్నీ కింది వాటాలోని ఇంటి ఓనరమ్మ దగ్గరే గడిచేవి. ఆవిడ పక్కనున్న పల్లె నుంచి వచ్చిన మనిషి. దాంతో కృష్ణా జిల్లా తల్లిదండ్రులకు పుట్టిన నా కూతురు "ఏందమ్మా గట్ల చూస్తున్నవ్" అనేది. నేను "ఏంటి అనవే" అని దిద్దితే "గదే గదా అన్న" అనేది. నా క్లాసులో అరవైమంది కిక్కురుమనరు, ఇంట్లో ఒక్కత్తి మాట వినదు.

అవి తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులు. ఎల్బీ నగర్ చౌరస్తాలో నిత్యం ఏదో ఒక టెంటు ఉండేది. నేను నోరు తెరిస్తే చాలు, కూరగాయల వాళ్ల దగ్గర నుంచి ఆటోవాళ్ల దాకా "మీదే ఊరమ్మా?" అని అడిగేవారు. ఇదివరకూ అడిగేవారే, అప్పుడు అది మామూలు పలకరింపు. ఆ రోజుల్లో మాత్రం ఆ ప్రశ్నలో చిన్న ముల్లు ఉన్నట్టు అనిపించేది. నేనేమైనా తగ్గేదాన్నా? మా జిల్లా పేరు, మండలం పేరు కూడా కలిపి చెప్పేదాన్ని.

డిగ్రీ కాగానే మా అమ్మాయి ఎమ్మెస్సీ జెనెటిక్స్ ఎంట్రన్స్ రాస్తానంది. "ఏదైనా తేలికైంది చదవచ్చు కదమ్మా" అన్నాడు వాళ్ల నాన్న. "నా ఒంట్ల పని ఎగ్గొట్టేటోడు ఎవడో నేనే ఎంకులాడుకుంట నాన్నా" అంది. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, గర్వమూ వచ్చింది. ఏడాదికి ఒక్కసారే ఆ పరీక్ష. సెంటరు ఎల్బీ నగర్ చౌరస్తా దాటి, నాదర్‌గుల్ వెళ్లే దారి వైపున్న ఒక కాలేజీలో పడింది. ముందే వెళ్లి అక్కడి వాళ్లతో మాట్లాడి, తెరలున్న గదిలో మూలసీటు అడిగి ఒప్పించుకున్నాం.

తీరా పరీక్షనాడే రోడ్ల మీద వంటా వార్పు అన్నారు. అంటే జనం రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని నిరసన తెలుపుతారు. పరీక్ష వాయిదా పడుతుందని పుకారొచ్చింది గానీ పడలేదు. ఇంటి ఓనరమ్మ పొద్దున్నే పెద్ద వంట గంజు నెత్తిన పెట్టుకుని సరూర్‌నగర్ వాళ్లతో వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ "లోపలి గల్లీల నుంచి పోర్రి, మంచిగ రాయి బిడ్డా" అంది. మేమూ చాలా ముందుగానే బయల్దేరాం. గల్లీలు తిరిగి తిరిగి చౌరస్తా దగ్గర తేలేసరికి ముందు దారి లేదు, వెనక బండ్లు నిండిపోయాయి. ఎటు చూసినా పొగ, గంజులు, జెండాలు, విస్తళ్లు. కాలేజీ గేటు కనిపిస్తూనే ఉంది. మామూలు మనిషికి ఆ దూరం ఒక లెక్క కాదు. జూన్ నెల ఎండ మాత్రం నిప్పులు చెరుగుతోంది.

మా కారును చూసి పదిమంది చుట్టూ మూగారు. నల్ల అద్దాలు, లోపల తెరలు, ముందు సీట్లో కంగారుపడుతున్న మనిషి. రాజీనామా చేస్తానని మాటిచ్చి తప్పించుకు తిరుగుతున్న నాయకుడెవరో లోపల దాక్కున్నాడనుకున్నారు పాపం. ఆ రోజుల్లో అలాంటి కారులో వాళ్లకు ఇంకెవరు గుర్తొస్తారు?

"ఎవలున్నరు లోపట? అద్దం దించుర్రి!" అని ఒక యువకుడు వెనక తలుపు పట్టుకు గుంజాడు. గులాబీ కండువా వేసుకున్నాడు, కండలు తిరిగిన చేతులు.

ఆ తలుపు వెనక మా అమ్మాయి ముసుగు తీసి, ఆఖరిసారి నోట్సు తిరగేసుకుంటోంది. ఒక్క గెంతున కిందకి దిగి అతని చెయ్యి పట్టుకుని లాగేశాను.

"ఏవయ్యా, మనిషివేనా నువ్వు? ఆడపిల్ల ఉందయ్యా లోపల! తలుపు తీశావంటే మర్యాద దక్కదు!" అన్నాను.

నా యాస విన్నారు. ఇక చూడండి. "ఆంధ్రోల్లే! జూసిన్రా, నేను జెప్పలే?" అని ఒకడు, "ఆడపిల్లైతే పరదాలెందుకు?" అని ఇంకొకడు. మా బావ చేతులు జోడించి "బాబూ, అమ్మాయికి ఆరోగ్యం బాగోదండీ" అంటున్నాడు గానీ ఆ గోలలో ఆయన గొంతు ఎవరికి వినపడుతుంది? ఆయన ఇంట్లో మాట్లాడితేనే నాకు వినపడదు.

అంతలో వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. మా అమ్మాయి ముసుగు బిగించుకుని, తొడుగులు వేసుకుని, సీట్లోనే నీడపట్టున కూర్చుని ఉంది. ఎత్తైన ముసుగు, దాని ముందు మెరిసే రేకు. చంద్రుడి మీదకు పోయేవాళ్ల వేషంలా ఉంటుందది. జనం ఒక అడుగు వెనక్కి వేశారు.

"అన్నా, నేను లీడర్‌ను గాదు. గా కాలేజీల నాకు పరీక్షున్నది. జర తొవ్వ ఇడుస్తరా?" అంది.

ఆ యాసతో ఆ వేషం నుంచి ఆ మాట వచ్చేసరికి తలుపు గుంజినవాడు నోరెళ్లబెట్టాడు. పొయ్యి దగ్గర గరిట పట్టుకుని నిలబడ్డ ఒక ముసలావిడ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"గిదేం యేసం బిడ్డా? ఏమైంది నీకు?"

"ఎండ పడదు అవ్వా."

"ఎండ ఎవలికి పడ్తది?"

అందరూ నవ్వారు. మా అమ్మాయీ నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. "అందరి ఒంట్ల రెండు వరసల దండ అసొంటిది ఉంటది అవ్వా. ఈ వరసల మల్లె ఉంటే ఎదురుంగ కనకాంబరమే ఉంటది, ఇంకోటుండదు. ఎండ తగిల్తె ఒక వరసల పక్కపక్క పూలు రెండు అతుక్కపోతయ్. నీ ఒంట్ల అయితే, గా ఖరాబైన కాడికి కోసి పారేసి, ఎదురు వరస జూసుకుంట మల్ల అవే పూలు కడ్తరు. దినాం కడ్తనే ఉంటరు, నీకు తెల్వది. నా ఒంట్ల కట్టేటోళ్లున్నరు గని, కోసేటోడు లేడు. ఖరాబైంది గట్లనే ఉంటది. ఉండి ఉండి కాన్సరైతది."

ఇన్నేళ్లు సుద్దముక్కలు అరగదీసి, బోర్డు నిండా బాణం గుర్తులు వేసి నేను రెండు క్లాసుల్లో చెప్పేదాన్ని ఆ పిల్ల పొయ్యి మీద అన్నం ఉడికేలోపు చెప్పేసింది. విన్నవాళ్లకు అర్థమైందనడానికి వాళ్ల ముఖాలే సాక్ష్యం. నాకు గర్వం ఆగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటే పొగ అనుకుని ఎవరో మంచినీళ్లిచ్చారు.

"ఔ మల్ల, గా కాలేజీ దాంక ఎట్ల పోతవ్?" అంది అవ్వ. కాసేపు గేటు వైపు, ఎండ వైపు చూసింది. తర్వాత గరిట పక్కనపెట్టి గట్టిగా అరిచింది. "ఏయ్, ఏం జూస్తున్రు? ఉల్లెడ పట్టుర్రి!"

ఉల్లెడ అంటే ఏమిటో నాకు తెలియదు. పక్కనున్నావిడ చెప్పింది. వాళ్ల పెళ్లిళ్లలో కుమ్మరింటి నుంచి ఐరేని కుండలు తెచ్చేటప్పుడు, తెచ్చేవాళ్ల తల మీద నలుగురు నాలుగు కొసలూ ఎత్తి పట్టుకుని గుడ్డతో నీడ చేస్తూ నడుస్తారట. అదే ఉల్లెడ. చూస్తుండగానే టెంటు మీది షామియానా గుడ్డ ఊడదీసి, నాలుగు జెండా కర్రలకు కట్టి, కారు పక్కకు తెచ్చి ఎత్తారు. రంగురంగుల నీడ పడింది. అందరి ముఖాల్లోనూ సంతోషం.

మా అమ్మాయి చెయ్యి మాత్రమే బయటపెట్టి మీటరు చూసింది. తల అడ్డంగా ఊపింది. "గుడ్డ పల్చగుంది అవ్వా. నీడ పడుతున్నది గని లోపటికి కిరణాలు దిగుతున్నయ్."

అందరూ ఆ మీటరు వైపే చూస్తూ నిలబడ్డారు. గేటు మూసే వేళ దగ్గరపడుతోంది. "ఇంక వద్దమ్మా, వచ్చే ఏడు రాద్దువు గాని" అన్నాడు మా బావ. రేకు వెనక మా అమ్మాయి పెదవులు బిగుసుకోవడం నాకు కనిపించింది. ఇంకో ఏడాదంటే మాకు చిన్న మాట కాదు. ఈ జబ్బులో ఏ ఏడు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

అప్పుడు పాటలు పాడే బృందంలో ఒకాయన తన భుజం మీది నల్ల గొంగడి తీసి మడతపెట్టి ఆ గుడ్డ మీద పరిచాడు. "గొర్రెబొచ్చు బిడ్డా. వానకే దిగదు, ఎండకు దిగుతదా? ఇప్పుడు జూడు" అన్నాడు. మా అమ్మాయి దాని కింద చెయ్యి పెట్టింది. మీటరులో సున్నా వచ్చింది.

"సున్నా!" అని అది అరిచిన అరుపుకు చౌరస్తా అంతా ఈలలు వేసింది.

గొంగళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి పడ్డాయి. పైన పరిచారు, ఎండపొద్దు వైపు పక్కన ఒకటి వేలాడదీశారు. బరువుకు కర్రలు వంగిపోతుంటే ఇంకో ఇద్దరు వచ్చి పట్టారు. ఒక కర్ర మా బావ పట్టుకున్నాడు. ఆయన ఎదురుగా ఉన్న కర్ర పట్టుకున్నది ఎవరనుకున్నారు? తలుపు గుంజిన కండువా కుర్రాడే. "అంకుల్, జర పైకి లేపు, చెల్లె తలకు తగుల్తున్నది" అని మా బావను గదమాయిస్తున్నాడు కూడా.

డప్పులవాళ్లు ముందు నడిచారు. "జరుగుర్రి, పరీక్షకు పోతున్నది పిల్ల!" అని కేక వేస్తే విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు అన్నం పట్టుకుని పక్కకు జరిగారు. ఊపిరాడని ఆ ఉక్కలో, ఆ ముసుగులో, మా అమ్మాయి నిటారుగా నడిచింది. దానికి పెళ్లి ఊరేగింపు జరుగుతుందో లేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇది చూశాక ఆ లోటు నాకు లేదు.

గేటు దగ్గర ఇంకో చిక్కు. డప్పులు, జెండాలు, నినాదాలు చూసి పరీక్ష ఆపడానికి వస్తున్నారనుకున్నారు లోపలివాళ్లు. మేం చేరేలోపే గేటుకు తాళం వేసేశారు. లోపల నుంచి ఒక సారు చేతులూపుతూ "దయచేసి వెళ్లిపోండి, పిల్లల భవిష్యత్తు" అంటున్నాడు. నేను నోరు తెరవబోయాను. ఈ యాసతో మళ్లీ ఎందుకొచ్చిన గొడవ అనుకుని, నా జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

కండువా కుర్రాడు కర్ర వదలకుండానే అరిచాడు. "బంద్ చేయనీకి రాలే సారూ! రాయించనీకి వచ్చినం!"

గొంగడి కొస కింద నుంచి మా అమ్మాయి హాల్ టికెట్ చాచింది. తాళం తెరుచుకుంది. గుమ్మం దాకా గొంగళ్లు దానితో వెళ్లాయి.

అది రాస్తున్నంతసేపూ మేం చౌరస్తాలోనే ఉన్నాం. అవ్వ నన్ను నడిరోడ్డు మీద కూర్చోబెట్టి, ఏం పనిచేస్తానో అడిగి తెలుసుకుని విస్తరేసింది. "తిను టీచరమ్మా. కారమెక్కువైందా?" అంది. "మా కృష్ణా జిల్లా కారం ముందు ఇదెంత" అన్నాను. "గట్లనా?" అని ఇంకో గరిటెడు వేసి, నేను నీళ్ల కోసం చూస్తుంటే పడీపడీ నవ్వింది. సంగతి తెలుసుకుని మా ఇంటి ఓనరమ్మ ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చింది. గొంగడాయన పాటలకు వేరే చోటికి పోవాల్సి ఉన్నా గొంగడి వదిలేసి వెళ్లాడు. "పిల్ల బయటికొచ్చినంక గా టెంటుల ఇయ్యిర్రి" అన్నాడు.

పరీక్ష అయ్యాక మళ్లీ ఉల్లెడ లేచింది. పొద్దు అటు తిరిగింది కదా, పక్క గొంగడిని ఇటు మార్చమని మా బావ గట్టిగా కేకేశాడు. ఆయనకు అంత గొంతుందని నాకప్పుడే తెలిసింది. కారెక్కాక అవ్వ తెర పక్కకు వచ్చి అడిగింది.

"నాకు చెప్పిన గా పూలదండ ముచ్చట అడిగిన్రా బిడ్డా?"

"ఒక్క బిట్టు గూడ అడగలే అవ్వా" అంది మా అమ్మాయి.

"ఏం పరీక్ష పెట్టిన్రే మరి!" అని అవ్వ చీదరించుకుంది. నా బాధ అర్థం చేసుకున్న మనిషి లోకంలో అవ్వ ఒక్కతే.

తర్వాత కొన్ని వారాలు నేను అద్దంలో చూసుకున్నట్టు దాని ముఖమే చూస్తూ గడిపాను. ఎండ చేసిన కీడు అప్పటికప్పుడు కనపడదు. గుడ్డకూ గొంగడికీ మధ్య ఏ సందులో నుంచైనా ఒక కిరణం దిగి ఉంటే, దాన్ని కోసి తీసేసేవాడు ఆ ఒంట్లో లేడు. సీటు వచ్చిందని తెలిసిన రోజు కూడా నేను పూర్తిగా సంతోషపడలేదు. డాక్టరమ్మ చూసే రోజు కోసం ఆగాను.

పాతావిడ బదిలీ అయిపోయి, ఆ చోట కొత్తగా వచ్చిన డాక్టరమ్మ భూతద్దం పెట్టి ముక్కు, పెదవులు, చెవుల వెనక, మెడ, చేతులు అంతా ఓపిగ్గా చూసింది. పాత మచ్చల బొమ్మలు పక్కన పెట్టుకుని పోల్చింది. నేను కుర్చీ అంచున కూర్చుని ఉన్నాను.

"కొత్త మచ్చ ఒక్కటీ లేదు" అంది చివరకు. "జూన్‌లో నడి ఎండన రోడ్డు మీద నడిచిందంటే నేను నమ్మను. ఏం కప్పారు?"

"నేను కప్పుకోలే మేడం. మా ఊరోల్లు గొంగళ్లు పట్టిన్రు" అంది మా అమ్మాయి.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "చల్లగా ఉండాలండీ వాళ్లంతా, వాళ్ల చేతులకు దణ్ణం పెట్టాలి" అన్నాను.

నా యాస విని డాక్టరమ్మ తల తిప్పింది. దాని మాట ఒకలా, నా మాట ఒకలా ఉన్నాయి కదా. చిరునవ్వుతో, ఏ ముల్లూ లేకుండా అడిగింది.

"మీదే ఊరండీ?"

జిల్లా, మండలం నాలుక చివరి దాకా వచ్చాయి. మింగేశాను.

"అమ్మాయి చెప్పింది కదండీ, ఆ ఊరే."